ఎడమ గోడ

ఫిబ్రవరి 6

భూతద్దానికి,

మామయ్య దీవెనలు. నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగోకపోతే రాసి చెప్పటానికి నీకు పది వేళ్లున్నాయి. ఫోను మాత్రం చెయ్యకు. మా ఇంట్లో ఫోను చావుకీ పెళ్లికీ మాత్రమేనని నేనూ మీ అత్తయ్యా ఎప్పుడో తీర్మానించుకున్నాం. ఫోన్లో తిడితే గాలికి పోతుంది. ఉత్తరంలో తిడితే పెట్టెలో పదిలంగా ఉంటుంది, కావలసినప్పుడల్లా తీసి మళ్లీ బాధపడవచ్చు.

నువ్వు కోతి బుర్రలో వైరింగు చూసే ఉద్యోగంలో చేరావని మీ అమ్మ రాసింది. నలభై రెండేళ్లుగా నేను మనుషుల ఇళ్లలో వైరింగు చేస్తున్నాను. ఏ విశ్వవిద్యాలయమూ పిలిచి కుర్చీ వెయ్యలేదు. కోతినై పుట్టి ఉంటే నా లోపల ఏముందో చూడటానికి పట్టభద్రులు వరసకట్టేవాళ్లు.

నీకు ఈ పేరెందుకొచ్చిందని మీ ఆఫీసులో ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పు. ఆరేళ్లప్పుడు భూతద్దం పట్టుకుని, చీమ కాలికి కీళ్లెన్నో లెక్కపెడుతూ, వెళ్లి వెళ్లి చీమలపుట్ట మీదే కూర్చున్నావు. కీళ్ల లెక్క తేలలేదు గానీ నీ కేకలు నాలుగు వీధులకి తేలాయి.

నాకూ కొత్త పని దొరికింది. పసిపిల్లల బడి, పదకొండు గదులు. ఇదే ఆఖరిది. ఇది కాగానే ప్లయరూ టెస్టరూ సంచిలో వేసి మూతి కట్టేస్తాను. నా పద్ధతి నీకు తెలుసుగా. గది గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూస్తాను. ఎక్కడ స్విచ్చి, ఎక్కడ ఫాను, ఎక్కడ ప్లగ్గు, అంతా తలలో గీసుకుంటాను. కాగితం లేదు, రెండో చూపు లేదు. దాన్ని జనం 'గుమ్మం చూపు' అంటారు. జనం అంటే మీ అత్తయ్యే. వెక్కిరించటానికే అంది. నేను బిరుదుగా తీసుకున్నాను.

నీ పనేమిటో నాకు అర్థమయ్యేట్టు రాయి. అర్థం కాకపోతే తప్పు నీదే.

మామయ్య


ఫిబ్రవరి 19

మామయ్యా,

నీ భాషలోనే చెబుతాను. వెల్లకిలా పడుకుంటే తలలో దిండుకి ఆనే చోటుంది చూశావా, అక్కడే చూపు పని చేసే మెదడు. కంటికి కనపడేదంతా చివరికి అక్కడ దిగాలి. చచ్చిపోయిన ఒక కోతి తలలోంచి, ఆ చోటునుంచి ఇసుక రేణువంత ముక్క తీశారు. దాన్ని వెంట్రుకలో వెయ్యోవంతు కన్నా పలచగా ఐదువేల రేకులు కోశారు. ఒక్కో రేకునీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫోటో తీశారు. ఆ ఫోటోలన్నీ ఒకదాని వెనక ఒకటి పేర్చి, ఒక్కో నరాల కణం తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో తెర మీద వెంటాడటం నా పని.

ఆ రేణువులో ఆరు పొరలున్నాయి, ఆరంతస్తుల మేడలాగా. కంటినుంచి వచ్చే వార్త ముందుగా నాలుగో అంతస్తులో దిగుతుంది. ఒక్కో కణానికీ గుండులాంటి ఒళ్లు, దాన్నుంచి కొమ్మలు, కొమ్మల నిండా ముళ్లు, ఒక సన్నని పొడుగాటి తీగ. ఇంకో కణం తీగ వచ్చి ఈ ముల్లుని తాకుతుంది. అదే కనెక్షను. ఒక్కో కణానికి అలాంటివి వేలు. కంప్యూటరు ముందే ఒక్కో కణానికీ ఒక్కో రంగు వేసి పెడుతుంది. దాని తప్పులు దిద్దటానికి నన్ను పెట్టుకున్నారు. ఎనిమిది నెలల్లో నలభై మూడు కణాలు పూర్తిచేశాను. రేణువులో మొత్తం ఎన్నున్నాయని మాత్రం అడగకు, ఏడుస్తాను.

మా ప్రొఫెసరుగారు రోజూ పొద్దున్నే వచ్చి, నా వెనక నిలబడి, "ఇంకా గొప్పది ఏమీ కనపడలేదా?" అంటారు. కోడి కింద చెయ్యి పెట్టి గుడ్డుందా అని చూసినట్టు.

కిటికీలేని గది. కోతికి మొహం కూడా ఉండేదన్న సంగతే మరిచిపోయాను.

భూతద్దం


మార్చి 5

భూతద్దానికి,

అర్థమైంది. అంటే ఎవరో చేసిన వైరింగుని, చేసినవాడు అడ్రసు లేకుండా పోయాక, నువ్వు గోడ పగలగొట్టి చూస్తున్నావు. ఇంతకన్నా నీచమైన పని మా వృత్తిలో లేదు. అందుకే నీమీద జాలిగా ఉంది.

ఒక కథ చెబుతాను, పనికొస్తుంది. నా కుర్రతనంలో పక్కపక్క ఇళ్లలో రెండు కుటుంబాలు ఆరేళ్లు మాట్లాడుకోలేదు. ఈ ఇంట్లో వంటగది స్విచ్చి వేస్తే ఆ ఇంట్లో పడకగది దీపం వెలిగేది. అర్థం చేసుకో. వాళ్లు దీన్ని కక్ష అనుకున్నారు. చేతబడి అనుకున్నారు. కోర్టుదాకా వెళ్లారు. నేను వెళ్లి ఉమ్మడి గోడ తవ్వితే, లోపల ఒక అతుకు. నాకు ముందు పనిచేసిన మహానుభావుడు ఈ ఇంటి తీగనీ ఆ ఇంటి తీగనీ కలిపేశాడు. ఎందుకు కలిపావయ్యా అంటే, "రెండూ ఎర్రవే గదా!" అన్నాడు. అదీ సంగతి. రంగుని నమ్మకు. తీగ రెండు చివరలూ చేత్తో పట్టుకుంటే తప్ప అది ఒకటే తీగ అనుకోకు. మీ దొరకి కూడా చెప్పు. వెనక నిలబడి గుడ్డు కోసం చూసేవాణ్ణి దొర అనక ఏమంటాం?

బడిలో పదకొండు గదులకీ తీగలు లాగేశాను. ఒక్కో గదికి అటు గోడకో బోర్డు, ఇటు గోడకో బోర్డు. అన్నీ పిల్లల చెయ్యి అందే ఎత్తులోనే. ఫాను వాళ్లే వేసుకోవాలట, దీపం వాళ్లే ఆర్పాలట, బడివాళ్ల ఆదర్శం. ప్రస్తుతానికి గోడలో బిగించిన పెట్టెల్లోంచి తీగకొసలు తోలు ఒలిపించుకుని గుండు గీయించుకున్నవాళ్లలా బయటికి తొంగిచూస్తున్నాయి. వాటికి బోర్డులు బిగిస్తే అయిపోయింది.

మీ అత్తయ్య కులాసా. సాయంత్రాలు వసారాలో పక్కనే కూర్చుని నా కథలు వింటుంది, అంటే ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది.

మామయ్య


మార్చి 20

మామయ్యా,

గుడ్డు దొరికింది!

నా నలభై ఏడో కణం. నాలుగో అంతస్తులో పుట్టి, ఊరుకోకుండా, ఇంతవరకు ఏ కోతిలోనూ ఎవరూ చూడనంత దూరం తీగ చాచింది. మా దొర (నీ మాట ఆఫీసంతా పాకింది, నీదే పాపం) తెర ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. దానికి 'రాయబారి కణం' అని పేరు పెట్టారు. చూపు మెదడులో ఒక వీధి వార్త ఇంకో వీధికి మోసుకుపోయేది ఇదేనట. జూన్‌లో పెద్ద సభ, అక్కడ ప్రకటిస్తారు. వ్యాసంలో రెండో పేరు నాది.

బొమ్మ అచ్చువేసి ఇందులో పెట్టాను. పెద్ద కాగితం, మడత జాగ్రత్తగా విప్పు. చూసి నీ అభిప్రాయం రాయి. పొగడ్తే రాయి.

భూతద్దం


ఏప్రిల్ 3

భూతద్దానికి,

మొన్న ఇరవై ఎనిమిదిన బడిలో నిచ్చెన మీద ఉండగా తల వెనక ఎవరో సుత్తితో ఒకటి వేసినట్టయింది. దిగి సిమెంటు బస్తా మీద గంటసేపు కూర్చున్నాను. ఎండదెబ్బే. నీళ్లు తాగితే పోయింది.

పోనిది లోకం తిక్క. ఆ రోజునుంచి అందరూ నామీద కూడబలుక్కున్నట్టున్నారు. వడ్రంగి, అదే, నలభై ఏళ్లుగా నాకు శత్రువూ పేకాటలో జోడీ అయినవాడు, గుమ్మాలు ఇరుకుగా బిగించాడు. ఎడమ భుజం మూడుసార్లు కొట్టుకుంది. "కొలిచి చూసుకో, అంగుళం తేడా ఉంటే మీసం తీయించుకుంటా" అంటాడు. వాడికి మీసం లేదు. వీధిలో మనుషులు నడిచి రావటం మానేసి ఎదట పుట్టుకొస్తున్నారు. పత్రికవాళ్లు వాక్యాలు మధ్యలోంచి మొదలెడుతున్నారు.

మీ అత్తయ్య సరేసరి. కంచంలో కూర వెయ్యటం మానేసింది. అడిగితే "ముందు ఎదురుగా ఉన్నది తినండి" అంటుంది. నిన్న కోపంతో కంచాన్ని ఒక తిప్పు తిప్పితే కూర ప్రత్యక్షం! ఈ వయసులో గారడీ నేర్చుకుంది. వసారాలో పక్కన కూర్చోవటం కూడా మానేసింది. మాట వినపడుతుంది, మనిషి కనపడదు. లోపల్నుంచే మాట్లాడుతోంది కాబోలు. ఎందుకు కోపమని నేను అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

నీ బొమ్మ చూశాను. తీగ అందంగానే ఉంది. కానీ అమ్మాయ్, కాగితం నట్టనడుమ గాల్లోంచి పుట్టి కుడివైపుకి పరిగెత్తింది. దీనికి మొదలేది? మీటరేది? మెయినేది? మొదలులేని తీగని రాయబారి అంటే మీ దొర నమ్ముతాడేమో, నా దగ్గర కుదరదు. మధ్యలో ఏదో అతుకు మింగారు. వెళ్లి చూసుకో.

మామయ్య


ఏప్రిల్ 14

మామయ్యా,

పొగడమని బతిమాలితే ఇదా? రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. మూడోరోజు 'మధ్యలో అతుకు' అన్న మాట చెవిలో జోరీగలా తిరగటం మొదలెట్టింది. ఆ ఎర్ర తీగల కథొకటి. సరే, నడుమ ఉన్న రేకులన్నీ మళ్లీ మొదటినుంచి చూస్తున్నాను. దొరకి చెప్పలేదు.

నువ్వు మాత్రం అత్తయ్యతో గొడవ మానుకో. వయసు మీదపడ్డకొద్దీ చాదస్తం పెరుగుతోంది నీకు. కూర వెయ్యలేదు, కుర్చీ వెయ్యలేదు, ఏమిటివి? ఇంకోటి. కాగితంలో ఎడమ సగం ఖాళీ వదిలి, సన్నగా నిలువుగా రాశావు. ఈ వయసులో కవిత్వం మొదలెట్టావా?

భూతద్దం


ఏప్రిల్ 25

భూతద్దానికి,

ఏమిటీ, సగం కాగితం ఖాళీనా? ఈ అంచునుంచి ఆ అంచుదాకా రాసి, చివర జాగా చాలక అక్షరాలు కుదిస్తుంటే! తెర మీద చీమకాళ్లు చూసి చూసి నీ కళ్లు పోయాయి. మంచి కళ్లడాక్టరుకి చూపించుకో. ఖర్చుకి వెనకాడకు. నాది పెద్దవాడి మాట.

బడి పని అయిపోయింది. పదకొండు గదులూ గుమ్మం చూపుతో బిగించేశాను. ఒక్క గదిలోకీ రెండోసారి తొంగిచూడలేదు. తెప్పించిన బోర్డుల్లో సగం మిగిలాయి! కంట్రాక్టరు నా భుజం తట్టి, "నీలాంటివాళ్లు పదిమంది ఉంటే నేను మేడలు కట్టేవాణ్ణి" అన్నాడు. మేడలు కట్టటమే గదా నీ పని అన్నాను. తనకోసం అట.

వడ్రంగి మాత్రం కుళ్లుకుంటూ, "ఏం వోయ్, ఎడమవైపు ఏమీ పెట్టవా?" అన్నాడు. "నీ ఉలి నీ దగ్గరుంచుకో, నా పని నాకు నేర్పకు" అన్నాను. నోరు మూసుకున్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి.

మే 20న ప్రారంభం. మెయిన్ వేసేది నేనే.

మామయ్య


మే 6

మామయ్యా,

నీ కాళ్లెక్కడున్నాయో చెప్పు, దండం పెట్టాలి.

2,311వ రేకు కోసేటప్పుడు మడత పడింది. దాని తర్వాత మూడు చిరిగిపోయాయి. ఆ నాలుగు రేకుల సందులో, ఎడమనుంచి వచ్చే ఒక తీగ ఆగిపోతోంది. దాని పక్కనే, కుడివైపుకి పోయే వేరే తీగ ఒకటి ఉంది. కంప్యూటరు రెంటికీ ఒకే ఎరుపు వేసింది. సరిచూసి సంతకం పెట్టినదాన్ని నేనే. 'రెండూ ఎర్రవే గదా' అన్న మహానుభావుడికి నేను వారసురాలిని. రాయబారి లేడు. ఇద్దరు మామూలు మనుషుల్ని కలిపి కుట్టాం, అంతే.

దొరకి చెప్పాను. "అమ్మాయీ, ఐదువేలలో నాలుగు రేకులేగా" అన్నారు. మెడ కూడా ఒంట్లో నాలుగంగుళాలేనండీ అన్నాను. "సభకి టికెట్లు తీసేశాం" అన్నారు. అది సైన్సు. నేను, దిద్దకపోతే నా పేరు తీసెయ్యండి అని రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో జూన్‌లో తెలుస్తుంది.

చదువుకున్నవాళ్లం తొమ్మిదిమందిమి ఆ బొమ్మని గోడకి అంటించి మురిసిపోయాం. ఎడమ చివర అంత లావు గుండు, అదే కణం ఒళ్లు, ఉంటే, అందరం దాన్నే ఈ తీగకి మొదలనుకున్నాం. నువ్వొక్కడివే దాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఏం కన్ను మామయ్యా నీది!

భూతద్దం


మే 13

భూతద్దానికి,

నీ ఉత్తరం వడ్రంగికి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి పారిపోయాడు. ఉద్యోగం పోతే పోనీ. అతుకు దాచిన ఇంట్లో కాపురం చెయ్యకూడదు.

ఒక్క సందేహం. ఏ గుండు? బొమ్మ మళ్లీ తీశాను. గుండూ లేదు, గోళీకాయా లేదు. మీ అత్తయ్యని పిలిచి అడిగితే, "ఇదుగో, నిమ్మకాయంత ఉంటే! కళ్లు కనపడటంలేదా?" అంది. వేలుపెట్టి చూపించమన్నాను. పెట్టానంది. వేలు కూడా కనపడలేదు. గారడీ బాగా ముదిరింది.

ఇరవయ్యో తేదీ పొద్దున పదింటికి మెయిన్. ఎనభైమంది పసివాళ్లు వస్తారట, వచ్చినవాళ్లు వచ్చినట్టు గదుల్లోకి పరిగెత్తి ఎవరి దీపం వాళ్లు వేసుకోవాలిట. పిల్లల సంగతి తెలుసుగా, కళ్లతో కాదు, వేళ్లతో చూస్తారు. నలభై రెండేళ్లలో నా తీగ తగిలి ఒక్కరికి కూడా చెయ్యి తిమ్మిరెక్కలేదు. ఆ పేరుతోనే సంచి మూతి కడతాను.

మామయ్య


మే 17, మధ్యాహ్నం
(అర్జంటు తపాలా)

మామయ్యా,

పొద్దున నేను ఫోను చేస్తే నువ్వన్న మాటలు ఇవి. "చావా, పెళ్లా?" రెండూ కాదు, విను అన్నాను. "అయితే ఉత్తరం రాయి" అని పెట్టేశావు. రాస్తున్నాను. ఈలోపల రెండోసారి చేసి అత్తయ్యతో మాట్లాడాను. అత్తయ్య ఫోనెత్తగానే "ఎవరు పోయారమ్మా?" అంది. ఇంకా ఎవరూ పోలేదు, ఇరవయ్యో తేదీన పోకుండా చూడమన్నాను.

నిన్న నీ ఉత్తరం చదివాక, నీ ఐదు ఉత్తరాలూ నేల మీద వరసగా పరిచాను. రేకులు పేర్చినట్టే. ఫిబ్రవరిదీ మార్చిదీ అంచునుంచి మొదలయ్యాయి. ఏప్రిల్ మూడునుంచి మూడింటికి మూడూ కాగితం నడుమనుంచి. దీన్నే నేను కవిత్వం అన్నాను.

మామయ్యా, నీ కన్ను పోలేదు. లోకంలో ఎడమ సగం కుడి మెదడులో వెనక దిగుతుంది, కుడి సగం ఎడమ మెదడులో దిగుతుంది. రెండు కళ్లకీ అంతే. నిచ్చెన మీద నీ తలకి తగిలింది సుత్తీ కాదు, ఎండా కాదు. కుడివైపు వెనక, ఆ దిండుకి ఆనే చోటే, నెత్తురు అందక ఒక ముక్క చచ్చిపోయి ఉంటుంది. అప్పటినుంచి నీకు ఎడమ సగం లేదు. లేదని కూడా తెలియదు. లేదని చెప్పాల్సింది ఆ ముక్కే. గుమ్మం ఇరుకు కాలేదు. అత్తయ్య కూర మానలేదు. అత్తయ్య కోప్పడి లోపలికి వెళ్లలేదు, నీ ఎడమ పక్కనే కూర్చుంది. గుండు అక్కడే ఉంది. నువ్వు తప్పు పట్టటం నీ కంటి గొప్ప కాదు, నా అదృష్టం.

ఇంక బడి. ఒక్కో గదికి రెండు బోర్డులని మార్చిలో నువ్వే రాశావు. సగం మిగిలాయని ఏప్రిల్‌లో నువ్వే రాశావు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూశావు, రెండోసారి చూడలేదు. పదకొండు గదుల్లో ఎడమ గోడ మీద నువ్వు ఒలిచిన తీగకొసలు, పిల్లల చెయ్యి అందే ఎత్తులో, అలాగే ఉన్నాయి. మెయిన్ వెయ్యకు. వడ్రంగి చెయ్యి పట్టుకుని వెళ్లి తడిమి చూడు. నన్ను నమ్మకు, రెండు చివరలూ పట్టుకుని చూడు.

నన్నేమైనా అనాలంటే అను. ఏడాదిగా చూపు ఎక్కడ దిగుతుందో రేకు రేకూ తిరగేస్తున్నాను. ఆ చోటు దెబ్బతిన్న మనిషి నెలన్నరగా నాకు ఉత్తరాలు రాస్తుంటే, చాదస్తం అన్నాను. మళ్లీ చీమలపుట్ట మీదే కూర్చున్నాను మామయ్యా.

శనివారానికి వస్తున్నాను.

భూతద్దం


జూన్ 12

భూతద్దానికి,

నువ్వు వచ్చి వెళ్లాక ఇది మొదటి ఉత్తరం. డాక్టరు చెప్పినట్టు కాగితం ఎడమ పక్క పైనుంచి కిందికి ఎర్ర గీత గీయించాను. గీత కనపడేదాకా తల తిప్పి, అక్కడ మొదలెట్టాను. ఇందులో కవిత్వం ఏమీ లేదని గమనించు.

నువ్వు ఉన్నప్పుడు నోరు రాలేదు గానీ, పద్దెనిమిదో తేదీ సంగతి ఇప్పుడు రాస్తాను. మీ అత్తయ్య ఎదురుగా నిలబడి రెండు చేతుల్లో రెండు గరిటెలు పట్టుకుని ఎన్ని అంది. ఒకటి అన్నాను. నాకు కనపడ్డ ఆ ఒక్కదాన్నీ దించి, ఇప్పుడు? అంది. ఏమీ లేదు అన్నాను. ఆమె మొహం చూసి ఇది గారడీ కాదని మొదటిసారి అనుమానం వచ్చింది. అయినా నీ మాట మీద కోపంతోనే బడికి వెళ్లాను, నిన్ను అబద్ధాలకోరుని చెయ్యటానికి. వడ్రంగి మొదటి గదిలో నా చెయ్యి పట్టుకుని ఎడమ గోడకి ఆనించాడు. వేళ్లకి తగిలాయి. నేను ఒలిచినవే. నా ఒలుపు నాకు తెలియదా, కొసలో చిన్న వంపు ఉంచుతాను. రెండో గది. మూడో గదిలో నేల మీద కూర్చుండిపోయాను. మిగతా ఎనిమిదీ వాడొక్కడే చూసొచ్చి, "అన్నీ అంతేరా" అన్నాడు. నన్నేమైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. అంతకన్నా పెద్ద తిట్టు వాడు నన్ను ఎప్పుడూ తిట్టలేదు.

సగం గోడ ఖాళీగా ఉంటే కంట్రాక్టరుకి కనపడలేదా అని నువ్వు అడిగావు. మిగిలిన బోర్డులూ వాటి డబ్బులూ కనపడ్డాయమ్మా. ఆయన కళ్లు భేషుగ్గా ఉన్నాయి.

ప్రారంభం వారం జరిపారు. వేరే వైర్‌మన్ వచ్చి ఎడమ గోడలు బిగించాడు. నేను ఒక్కో బోర్డు దగ్గరా కుర్చీ వేయించుకుని, మెడ తిప్పి, టెస్టరు పెట్టి చూశాను. రెండుసార్లు. మెయిన్ అతన్నే వెయ్యమన్నాను. సంచి మూతి కట్టాను.

ఆస్పత్రిలో నా బుర్ర ఫోటో చూపించారు. కుడివైపు వెనక తెల్లగా నాణెమంత మచ్చ. కళ్లు బాగున్నాయట, కళ్లనుంచి వచ్చే తీగలూ బాగున్నాయట, దిగే చోటే పోయింది. తిరిగి రాదట. ఎడమపక్క చీకటిగా ఉంటుందా అని వచ్చినవాళ్లంతా అడుగుతున్నారు. నీ వీపు వెనక చీకటిగా ఉందా నాయనా అంటున్నాను. ఎవరికీ అర్థం కావటంలేదు. నీకవుతుంది.

నీ కార్డు అందింది. మీ దొర సభలో రాయబారిని మూడు నిమిషాల్లో పాతిపెట్టి, 'నాలుగు రేకుల హెచ్చరిక' అని ఉపన్యాసం దంచాడన్నమాట, తప్పు తనే పట్టినట్టు! పోనీలే, నీ ఉద్యోగం నిలబడింది. తప్పు పట్టింది నిజానికి నువ్వూ కాదు, ఆయనా కాదు, నేనూ కాదు. నా బుర్రలో పోయిన ముక్క పట్టింది. నా కంటికి నువ్వు పెట్టిన దండం ఈ కవర్లో వెనక్కి పంపుతున్నాను.

ఇంకొక్కటి. ఇష్టమైన వస్తువు ఎడమపక్క పెట్టుకుంటే, దాన్ని చూడటానికి తల తిప్పటం అలవాటవుతుందని డాక్టరు చెప్పాడు. రేడియో పెట్టుకున్నాను. మీ అత్తయ్య దాన్ని తీసి లోపల పెట్టేసి, అక్కడ తన కుర్చీ వేసుకుంది. అడిగితే డాక్టరు మాట అంటుంది. చూశావా పెత్తనం!

మామయ్య


(అదే కాగితం మీద, ఎర్ర గీతకి ఎడమపక్క, అంచు వెంట నిలువుగా, వేరే చేతిరాతలో)

అమ్మాయ్, అత్తయ్యని. ఇక్కడ రాస్తే ఆయనకి కనపడదు గనక రాస్తున్నాను. జబ్బని నీకెందుకు తోచలేదత్తయ్యా అని వెళ్లేముందు అడిగావు, నేను బండికి టైమైందన్నాను. ఏం చెప్పను? నేను పక్కనే కూర్చున్నాను, పిలిస్తే పలికాను, నావైపు ఒక్కసారి తిరిగి చూడలేదు. నలభై ఏళ్లుగా ఉన్నదేగా, కొత్తగా ఏముందనుకున్నాను. ఇప్పుడు డాక్టరు మాట మీద రోజుకి పాతికసార్లు మెడ తిప్పి నేనున్నానో లేదో చూసుకుంటున్నారు. ఆ మచ్చ మాన్పే మందేదైనా మీ కోతుల్లో దొరికితే, తొందరపడి పంపకు.